సినిమాలో ఎల్లమ్మ ఇంటి నంబరు

ఈ సాయంత్రం మా పనిమనిషి ఎల్లమ్మతో కలిసి ఒక చిన్న సినిమా చూశాను. నానక్‌రామ్‌గూడలో వాళ్ల బస్తీని కూల్చేయక ముందు, ఆ బస్తీవాళ్లతోనే తీశారు. అయిపోగానే ఆమె అక్కడే ఉన్న దర్శకుడి దగ్గరికి వెళ్లింది.

"బిడ్డా, అండ్ల మా తలుపు ఫొటో జర ఇయ్యి. వేరే ఇల్లు ఇయ్యాలంటే, మీ ఇల్లు ఆడున్నట్టు రుజువేందని ఆఫీసోళ్లు అడుగుతున్నరు. నంబరు సాఫ్ కనవడ్తున్నది."

అతను తల దించుకున్నాడు. "అమ్మా, అది మీ నంబరు కాదు. కథ కోసం మేమే మార్చి రాసినం."

"అయ్యో, మంచిగ కనవడాలని రంగేసిండ్రనుకున్న," అంది చదువు రాని ఎల్లమ్మ.

నేను సాక్ష్యం చెబుదామంటే, ఆమె మా ఇంట్లో పనిచేస్తున్న ఈ పదేళ్లలో ఒక్కసారీ ఆమె గడప తొక్కలేదు. ఇంటికొచ్చి దీపం పెట్టినా మనసు నిలవడం లేదు. మీరెవరైనా మీ పనిమనిషి ఇల్లు చూశారా?