ఈ రోజు నా పేరు మీద పార్సిల్ లేదు

కనిపించినదల్లా కొనే అలవాటు మానుకోవాలని ఈ నెల మొదట్లో ఫోన్‌లోంచి షాపింగ్ యాప్ తీసేశాను. అప్పటినుంచి ఇంట్లో కాలు నిలవడం లేదు. ఈ మధ్యాహ్నం ఇక్కడ గల్ఫ్‌లో, హమ్రియాలోని మా ఫ్లాట్ బెల్ మోగగానే, నేనేమీ ఆర్డర్ చేయలేదని తెలిసి కూడా పరుగెత్తుకెళ్లి తలుపు తీశాను.

ఎప్పుడూ వచ్చే డెలివరీ మస్తాన్. కడపవాడు. అతని దగ్గర పెట్టె కనబడగానే చెయ్యి చాచాను.

“నీది కాదక్కా, పక్కింటోళ్లది. వాళ్లు బయటికి పోయినారంట, వస్తే ఇస్తావా?” అని, నా ముఖం చూసి ఆగాడు. “శానా దినాలైంది నీకు పార్సిల్ రాక. ఒళ్లు బాగలేదా?”

“బాగానే ఉన్నాను మస్తాన్. కొనడం మానేశాను.”

“మంచి పని చేసినావక్కా! మీ బిల్డింగ్‌కు లిఫ్ట్ గూడా లేదు గదా,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఇద్దరం నవ్వుకున్నాం. నేను తెచ్చిన చల్లటి నీళ్లు తాగి వెళ్లిపోయాడు. నా సరదాల కోసం అతను ఎన్నిసార్లు ఆ మెట్లెక్కాడో ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు.

అయినా ఆ పెట్టె నన్ను సాయంత్రం దాకా కుదురుగా కూర్చోనివ్వలేదు. చేతిలోకి తీసుకుని ఊపి కూడా చూశాను. ఇందాక పక్కింటావిడ వచ్చి తీసుకుంటుంటే ఆగలేక అడిగేశాను. గోడ గడియారమట.

ఆవిడ వెళ్లాక చూస్తే, మా హాలు గోడ మరీ బోసిగా ఉంది.

మీలో ఇలా మానుకున్నవాళ్లుంటే చెప్పండి, ఈ దురద ఎన్నాళ్లకు తగ్గుతుంది?