లక్ష్మణసామి పదకొండో పని

లక్ష్మణసామికి తెలిసిన తేదీ ఒక్కటే, రేపు. ఆదివారం అడిగినా రేపే, అమావాస్యనాడు అడిగినా రేపే. కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారిలో, నల్లరేగడి చేల మధ్యనున్న ఆ ఊళ్లో లక్ష్మణసామి అనే పేరుగలవాళ్లు ముగ్గురున్నారు. కొత్తగా వచ్చిన పోస్టుమనిషి ఏ లక్ష్మణసామి అని తికమకపడితే, ‘రేపు లక్ష్మణసామి’ ఇల్లు అదిగో అని చూపించేవాళ్లు. ఆ పేరు మాన్పించాలని ఆయనా ఒకసారి అనుకున్నాడట. ఆ పని కూడా వాయిదా పడింది.

ఒకప్పుడు ఆయనకు పన్ను నొప్పి పట్టుకుంది. కోవిల్‌పట్టి పోయి పీకించుకురమ్మని భార్య వీరమ్మాళ్ పోరు పెట్టింది. రేపు పోతాను, రేపు పోతానంటూ పద్నాలుగు నెలలు లాగించాడు. ఒకనాడు మురుకు కొరికితే పన్ను దానంతటదే ఊడి అరచేతిలో పడింది. దాన్ని శుభ్రంగా కడిగి భార్యకు చూపించి, తొందరపడి పోయుంటే బస్సు చార్జీ దండగయ్యేది కదా అన్నాడు. వీరమ్మాళ్ ఆ పూట ఆయనకు అన్నం వడ్డించలేదు, గిన్నె ముందు పెట్టి పోయింది.

అరుప్పుకోట్టై నుంచి ఒక మంచం తెచ్చాడు. దానికి మూడు కోళ్లు బిగించాక ఆకలేసింది. నాలుగో కోడు రేపు బిగిద్దామని ఆ మూల కింద ఇటుకలు పేర్చాడు. ఇటుకల మీద ఆరేళ్లు పడుకున్నాడు మనిషి. కోడు మాత్రం కాగితం కూడా విప్పకుండా అటక మీద భద్రంగా ఉంది.

ఇక కొడుకు సురేష్‌కుమార్ పెళ్లినాటికి ఇంటి ముందుగోడకు పచ్చరంగు వేయించే భారం ఆయనే తీసుకున్నాడు. పెళ్లినాటికి సగం గోడ అయింది. అందుకే ఆ పెళ్లి ఫోటోల్లో అరవైమంది చుట్టాలు ఎడమవైపు ఒకరి మీద ఒకరు ఎక్కినట్టు నిలబడి ఉంటారు. కుడివైపంతా ఖాళీ. కుడివైపు నిలబడ్డవాడు లక్ష్మణసామి ఒక్కడే, తన సగం గోడను తానే కప్పిపుచ్చుకుంటూ, చేతులు కాస్త చాచి.

ఆ ఇంటికి కోడలిగా వచ్చింది సత్యప్రియ. విరుదునగర్ పిల్ల. తండ్రి రైల్వే గేట్‌మ్యాన్. రైలు రాకముందే గేటు పడాలి, పడిందంటే పడిందే, అనే ఇంట్లో పెరిగింది. కోవిల్‌పట్టిలో కడలై మిఠాయి, అదే మన పల్లీ అచ్చు, చేసే కంపెనీలో సూపర్‌వైజరు ఉద్యోగం. బెల్లప్పాకం ఒక్క నిమిషం ముందు దించితే సాగుతుంది, ఒక్క నిమిషం దాటితే పళ్లు విరుగుతాయి. ఆ ఒక్క నిమిషాన్ని కాపలా కాయడమే ఆమె పని. అలాంటి పిల్లను ఇలాంటి ఇంట్లో పడేసిన బ్రహ్మదేవుడికి వేళాకోళం ఎక్కువని వీరమ్మాళ్ అనుకుంది.

కాపురానికి వచ్చిన మొదటిరోజు సత్యప్రియ కంటికి మొదట కనబడింది గోడమీది దినసరి క్యాలెండరు. అప్పుడు తమిళ లెక్కన ఆవణి మాసం. క్యాలెండరేమో ఇంకా పంగుని దగ్గరే ఉంది. రోజుకొక కాగితం చింపే బాధ్యత మామగారిదని చెప్పారు. ఆమె ఇంకేమీ అడగకుండా ఐదు నెలల కాగితాలను ఒక్క లాగులో చింపేసింది. లక్ష్మణసామి ఆ కట్టను చేతిలోకి తీసుకుని, “అన్ని దినాలూ ఒకేసారి పోయినాయే,” అన్నాడు దిగులుగా.

మామను బాగుచేసి తీరాలని సత్యప్రియ ఆనాడే నిశ్చయించుకుంది. కంపెనీలో ఒకసారి మధురై నుంచి ఒకాయన వచ్చి, పనులు వాయిదా వేయకుండా ఉండటమెలాగో పాఠం చెప్పి పోయాడు. పెద్ద పనిని చిన్న ముక్కలు చేసుకోవాలి, మొదట రెండు నిమిషాలు మొదలుపెట్టాలి, కంటికి ఎదురుగా రాసి పెట్టుకోవాలి. ఆమె నడవలో ఒక నల్లబోర్డు తగిలించి, ఇంట్లో అర్ధాంతరంగా ఆగిన పనులు, చేలో ఏటేటా ఆలస్యమయ్యే పని, అన్నీ వరసగా రాసింది. పదకొండు తేలాయి. వీరమ్మాళ్ ఇంకో ఇరవై చెప్పింది గానీ బోర్డు చాల్లేదు.

మొదట మామ ఫోన్లో ఉదయం ఏడింటికి అలారం పెట్టింది. నాదస్వరం. అది మోగగానే ఆయన లేచి కూర్చుని, కళ్లు మూసుకుని, తల ఊపుతూ చివరిదాకా విన్నాడు. ఆగిపోయాక బాగుందన్నాడు, రేపు కూడా పెట్టమన్నాడు. వారం తిరక్కుండా పొరుగింటి రంగమ్మాళ్ కూడా కాఫీ గ్లాసు పట్టుకుని ఏడింటికి నాదస్వరం వినడానికి రావడం మొదలుపెట్టింది.

అలారం దండగని తెలిశాక సత్యప్రియ ఇంకో దారి పట్టింది. ఊరికే పక్కన కూర్చుంది. కోడలు ఎదురుగా కూర్చుని చూస్తూంటే ఆ పెద్దమనిషికి చేతులు ఊరుకోలేదు. రెండు నిమిషాలని మొదలుపెట్టి మంచంకోడు బిగించాడు. తర్వాతి ఆదివారం గోడకు రంగు వేశాడు. ఆ పాత పచ్చ ఇప్పుడు దొరక్కపోవడంతో ఇల్లు రెండు పచ్చల్లో తేలింది, అది వేరే సంగతి. తలుపు గడియ, బావి గిలక, బ్యాంకులో ఇవ్వాల్సిన ఫోటో, ఒక్కొక్కటే అయిపోతూ వచ్చాయి. పని కాగానే సుద్దముక్కతో గీత కొట్టేది మాత్రం తానేనని పట్టుబట్టేవాడు. గీత కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేవాడు. పంగుని పోయి, ఏడాదికి మొదటి నెల చిత్తిరై వచ్చేసరికి పది పనులు పూర్తి. ఊళ్లో జనం బోర్డు చూడటానికి వచ్చిపోయారు.

పదకొండో పని దగ్గర బండి ఆగింది.

అది పొలం పని. నాలుగెకరాల పత్తి. ఆఖరి ఏరుడు అయిపోయాక ఎండిన కట్టె అలాగే నిలబడి ఉంది. దాన్ని తీసేసి నేల దున్నించాలి. కిందటేడు గులాబీ పురుగు సగం పంట తినేసింది. కట్టెలో, ఏరకుండా వదిలిన కాయల్లో ఆ పురుగు దాక్కుంటుందని, చిత్తిరై పదిహేను దాటి చేలో ఒక్క కట్టె నిలిచినా వచ్చే పంట మీద ఆశ వదులుకోవలసిందేనని వ్యవసాయ ఆఫీసరమ్మ ఊళ్లోకి వచ్చి చెప్పి పోయింది. ఇంకో ఏడు పంట పోతే ఆ ఇల్లు తట్టుకోలేదు. అది సత్యప్రియకు తెలుసు, ఆమెకు నిద్ర పట్టనిది కూడా అందుకే.

లక్ష్మణసామికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఒకరోజు చెప్పువారు తెగింది. ఒకరోజు అష్టమి. ఒకరోజు ఆకాశం సరిగా లేదు. సత్యప్రియ పక్కన కూర్చుంది, ఎదురుగా కూర్చుంది, అన్నం తినకుండా కూర్చుంది. ఆయన కోడలికి అరటిపండు వలిచి ఇచ్చి, “రేపు చూద్దాములేమ్మా,” అన్నాడు.

ఇక లాభం లేదని ఆమె తానే ట్రాక్టరు మురుగన్‌కు ఫోన్ చేసింది. ట్రాక్టరుకు ఒక మిషను తగిలిస్తే, కట్టెను నిలబడ్డది నిలబడ్డట్టే పొడిపొడి చేసి మట్టిలో కలిపేస్తుంది. చుట్టుపక్కల చేలన్నీ అలాగే చేయించారు. శుక్రవారం ఒక్కరోజే ఖాళీ, శనివారం మిషనుతో అరుప్పుకోట్టై వైపు పోతే పదిరోజులదాకా రానన్నాడు మురుగన్. శుక్రవారం పొద్దున్నే రమ్మని చెప్పేసింది. అది విని లక్ష్మణసామి మొదటిసారి మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. శుక్రవారానికి ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టుకుని మళ్లీ పడుకున్నాడు.

గురువారం పొద్దున సత్యప్రియ పనికి పోతూ, మురుగన్ ట్రాక్టరుకు దారి ఎటో చూద్దామని చేను వైపు తిరిగింది. చేలో పదిమంది ఆడవాళ్లున్నారు. మొన్న కురిసిన జల్లుకు నేల మెత్తబడింది. వేళ్లతో సహా పత్తికట్టె లాగి కట్టలు కడుతున్నారు. మేకలు మిగిలిన ఆకునూ కాయలనూ ఏరుకుని తింటున్నాయి. ఎకరన్నర అప్పటికే తుడిచిపెట్టినట్టుంది.

ఆమెను చూసి అందరూ ఆగారు. ముందుకొచ్చింది ఇసక్కిసెల్వి. ఊరికి ఆ చివరి కాలనీలో ఉంటుంది, పొద్దున్నే బియ్యప్పిండిని సేమ్యాలా ఒత్తి, ఆవిరి మీద ఇడియాప్పం చేసి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గేటు దగ్గర అమ్ముతుంది. సత్యప్రియ కూడా చాలాసార్లు కొనుక్కుని తిన్నదే.

“దొంగతనం కాదు తాయీ,” అంది ఇసక్కిసెల్వి తాపీగా. “మీ మామ ఏటేటా కట్టె తీసేది మరిచిపోతాడు. మరిచిపోయిన కట్టె కదా అని మేము పీక్కుంటాము. ఏడాదంతా నా పొయ్యిలోకి ఇదే.”

“వేరే చేలలో?”

“వేరేవాళ్లు ఎవురూ మరిచిపోయేది లేదు. మిషను వచ్చిందే.”

ఆఖరి ఏరుడు అయ్యాక దున్నేదాకా చేను అందరిదీ అన్న ఆ నేల పద్ధతిని ఆవిడే చెప్పింది. దాన్ని ఎవరూ ఇవ్వనక్కరలేదు, ఎవరూ అడగనక్కరలేదు. ఇప్పుడు అందరూ ఏరిన మర్నాడే మిషను పెట్టించేస్తున్నారు. ఊరికంతా మిగిలింది ఈ నాలుగెకరాలే. సిలిండరు పొయ్యి మీద ఇడియాప్పం చేస్తే గిట్టదు. కట్టె లేకపోతే ఆ గేటు దగ్గర గంప దించే పని ఉండదు.

సత్యప్రియ ప్యాకింగు లెక్క వేసినట్టు మనసులోనే లెక్క వేసింది. పదిమందికి రోజుకొక ఎకరం. మిగిలింది రెండున్నర. శనివారం మధ్యాహ్నానికి గాని కాదు. మిషను రేపే. ఆమె ఆరోజు కంపెనీకి ఆలస్యంగా పోతానని ఫోన్ చేసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఉద్యోగంలో చేరాక ఆ మాట చెప్పడం అదే మొదలు.

లక్ష్మణసామి మంచం మీదే ఉన్నాడు.

“మామా, చేలోకి వాళ్లు వస్తున్నట్టు మీకు తెలుసు,” అంది.

ఆయన క్యాలెండరు వైపు చూశాడు, తలుపు గడియ వైపు చూశాడు, చూడటానికి ఇంకేమీ దొరకలేదు.

“మా పెండ్లయిన కొత్తలో,” అన్నాడు చివరికి, “ఇసక్కిసెల్వి వాళ్లమ్మను పిలిచి, కట్టె నువ్వే తీసుకోమ్మా అని ఇచ్చినాను. తీసుకునింది. మర్నాడు తెల్లారేసరికి వచ్చి మన కొట్టమంతా ఊడ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వద్దంటే వినలే. ఇచ్చినదానికి బదులు చేయకుండా ఆయమ్మకు అన్నం దిగదు. మరుసటేడు ఇయ్యలే, మరిచిపోయినాను. మరిచిపోయినదానికి ఎవురికి బదులు చేస్తారు?”

ముప్పైరెండేళ్లుగా అన్నీ మరిచిపోయిన మనిషి, మరిచిపోవడం మాత్రం ఒక్క ఏడు కూడా మరిచిపోలేదు. సత్యప్రియకు నవ్వు వచ్చింది.

“నాకొక్క మాట చెప్పుంటే?”

“చెబుదామనే ఉంటిని,” అన్నాడు లక్ష్మణసామి. “రేపు.”

ఇంతకూ మిగతా పది పనులూ దయతోనే ఆపాడనుకుంటే పొరపాటు. పన్ను విషయంలో, మంచంకోడు విషయంలో దయేమీ లేదు, అది వట్టి బద్ధకం. కానీ అంత బద్ధకం పోగుచేసి పెట్టుకోవడం వల్లనే ఈ ఒక్కటి ఎవరికీ అనుమానం రాకుండా అందులో దాక్కుంది.

సత్యప్రియ మురుగన్‌కు ఫోన్ కలిపింది. రేపు వద్దని చెప్పింది. ఎందుకు వద్దని అతను అడిగాడు. ఆ పిల్ల జన్మలో ఒక పని వాయిదా వేసి ఎరగదు, సాకు ఎలా చెబుతారో తెలియదు. మంచం మీంచి లక్ష్మణసామి అందించాడు.

“శుక్రవారం, ఇంట్లో పూజ ఉండాదని చెప్పు.”

చెప్పింది. శనివారం అరుప్పుకోట్టై పోయే ముందు ఒక గంట వస్తానన్నాడు మురుగన్.

“శనివారం అష్టమి,” అన్నాడు లక్ష్మణసామి.

కాదు, దశమి. అయినా ఆమె అష్టమి అనే చెప్పింది. మిషను అక్కరలేదు, పదిరోజుల తర్వాత తీరిగ్గా వచ్చి దున్నితే చాలంది. అవతల నుంచి మురుగన్, ఫోన్ చేసింది నువ్వా, పెద్దాయనా అని అడిగాడు.

శనివారం మధ్యాహ్నం ఆఖరి కట్ట తలకెత్తుకుని ఇసక్కిసెల్వి ఇంటి ముందు నుంచి పోతూ సత్యప్రియ దగ్గర ఆగింది. “మీ మామ మరిచిపోయినాడని మేము అనుకుంటాము. మేము అట్లే అనుకుంటామని ఆయన అనుకుంటాడు,” అంది నెమ్మదిగా. “నడుమ నువ్వేమీ చెప్పొద్దు తాయీ.” చెప్పేసి, తలమీది కట్ట చెదరకుండా నడిచిపోయింది.

చిత్తిరై పదిహేనుకు ఇంకా రెండు రోజులుండగానే చేను శుభ్రంగా ఉంది. కాయలు మేకల కడుపులోకి పోయాయి, కట్టె ఊరవతలికి పోయింది, పురుగుకు నిలవ నీడ లేదు. సోమవారం వచ్చిన ఆఫీసరమ్మ, మిషను లేకుండా వేళ్లతో సహా గడువులోగా తీయించిన రైతు ఈయనేనని నలుగురిలో మెచ్చుకుంది. సర్టిఫికెట్ ఇస్తాము, కోవిల్‌పట్టి ఆఫీసుకొచ్చి తీసుకొమ్మంది. లక్ష్మణసామి రేపు వస్తానన్నాడు. అది ఇంకా ఆఫీసులోనే ఉంది.

ఆ ఏడు పంటకు పురుగు పట్టలేదు. మళ్లీ చిత్తిరై వచ్చింది. సత్యప్రియ బోర్డు తుడిచి కొత్త ఏడాది పనులు రాసింది. లక్ష్మణసామి కళ్లజోడు పెట్టుకుని, పైనుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ కిందికొచ్చాడు. పదకొండో వరసలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: ‘పత్తికట్టె సంగతి మరిచిపోవాలి. చిత్తిరై 8 నుంచి 13 వరకు.’

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. సుద్దముక్క కోసం చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

“అలారం పెట్టు తల్లీ,” అన్నాడు. “ఈసారి పని సరైన టైముకు చేయాల.”