కత్తిని కడలికి వదిలిన చిత్రకారుడు శంభుమూర్తి మాస్టారు

"మేస్టరుబావ ఎల్పోనాడమ్మా." ఎర్రయ్య మావ ఫోనులో ఆ ఒక్క మాటే అన్నాడు. విశాఖపట్నంలో మా యానిమేషన్ స్టూడియో తెర మీద సగం గీసిన పడవ అలాగే నిలిచిపోయింది. పలాసలో రెండు తరాల పిల్లలకు చిత్రలేఖనం నేర్పిన శంభుమూర్తి మాస్టారు ఇక లేరన్న వార్తను అంగీకరించడానికి నా మనసు చాలాసేపు మొండికేసింది.

నేను నందిగాం జీడితోటల రైతు బిడ్డను, ఆయన శిష్యురాలిని. మొదటి పాఠంలోనే మా చేతుల్లోంచి నీలం రంగు లాక్కున్నారు. "ఇప్పుడు సముద్రం గియ్యండి" అన్నారు. మేము తెల్లబోతే నవ్వి, "సముద్రం నీలంగా ఉంతాదని మీకెవులు సెప్పినారు? ఎల్లి సూడండి" అన్నారు. చూడకుండా గీసినది ఎంత అందంగా ఉన్నా అబద్ధమేనన్నది ఆయన చిత్రకళా సిద్ధాంతం.

ఉద్దానం తీరపు మత్స్యకారుడు ఎర్రయ్య మావతో ఆయన మైత్రి ఒక పడవ దగ్గర మొదలైంది. కొత్త పడవకు బొమ్మ వేయమని పిలిస్తే మాస్టారు పెద్ద చేపను చిత్రించారు.

"ఏటి బావా, సేప నవ్వుతన్నాది?" అన్నాడు మావ.

"నీ వలలో పడనేదని" అన్నారు మాస్టారు.

ఆ నవ్వులో కలిసిన ఇద్దరూ చివరిదాకా విడిపోలేదు. కొద్దికాలం మాటలు మాత్రం ఆగాయి.

ఉద్యోగ విరమణ తర్వాత మాస్టారు సముద్రపు దొంగల కథ ఒకటి రాసి, మా స్టూడియో చేత యానిమేషన్ సినిమాగా తీయించారు. ఓడనాయకుడు వీరన్నకు శాపగ్రస్తమైన ఖడ్గం దొరుకుతుంది. అది పట్టినవాడికి పరాజయం లేదు. కానీ గెలిచిన ప్రతిసారీ ఒక ఆప్తుడు దూరమవుతాడు. చివరికి ప్రాణమిత్రుడు చుక్కడు ఒక్కడే మిగులుతాడు. తుపానులో అతడూ మునిగిపోతుంటే, వీరన్న కత్తి వదల్లేక చూస్తూ నిలబడిపోతాడు. మాస్టారు రాసిన ముగింపు అది. వీరన్నకు గొంతు ఎర్రయ్య మావదే కావాలని ఆయనే పట్టుబట్టారు.

అన్ని సంభాషణలూ అద్భుతంగా చెప్పిన మావ చివరి ఘట్టంలో వీరన్న మాట దగ్గర మైకు ముందు నుంచి లేచిపోయాడు.

"ఈ మాట నాను సెప్పను. నేస్తుడు ములిగిపోతంటే కత్తట్టుకోని సూత్తాడేటి? సముద్రం మీద అలాటోడు ఉండడు."

"ఇది కథ బావా. శాపం ఎంత సెడ్డదో తెలియాలి గదా!"

"శాపం సెడ్డదే. మనిసి కూడా సెడ్డోడవ్వాలేటి?"

మాస్టారి ముఖం ఎర్రబడింది. కళాకారుడి స్వాభిమానం గాయపడింది. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. సినిమా కూడా ఆగిపోయింది. అప్పటికే ఉద్దానంలో ఎందరినో పట్టిన మూత్రపిండాల జబ్బు మాస్టారినీ పట్టింది. డయాలసిస్‌కు వెళ్లే ప్రతిరోజూ మావ ఆటో తెచ్చి వాకిట్లో నిలిపేవాడు. చెయ్యి పట్టి ఎక్కించి, చెయ్యి పట్టి దించేవాడు. మాట మాత్రం లేదు.

ఒకనాడు తిరిగి వస్తూ కాశీబుగ్గలో టీకొట్టు దగ్గర మాస్టారు ఆటో ఆపించారు. అప్పుడు నేనూ వెంట ఉన్నాను. టీ సగం తాగి, నెమ్మదిగా అన్నారు: "బావా, నువ్వు సెప్పిందే నిజిం. కోపంగా ఉన్నా నువ్వు రావడం మాన్నేదు గదా! వీరన్న కూడా నీలాటోడే. సివరి మాట నీకేటి తోత్తే అదే సెప్పు."

నేను ఎంతో శ్రమపడి గీసిన ముగింపు మొత్తం చెరిపేయమన్నారు. నాకు ఏడుపొచ్చింది. "మంచి బొమ్మే తల్లీ, కానీ నిజిం కాదు" అంటూ, వాచిన చేత్తోనే నా పక్కన కూర్చుని కొత్త బొమ్మలు గీశారు. కొత్త ముగింపులో వీరన్న ఖడ్గాన్ని కడలికి వదిలి, చేయి చాస్తాడు. మైకు ముందు మావ గావుకేక పెట్టాడు: "సెయ్యియ్యరా!" అంతే. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సినిమా పూర్తయ్యాక పలాస హాల్లో ఉదయం ఆట. తీరం నుంచి జనం వ్యాన్లలో వచ్చారు. తెర మీద దొంగల నాయకుడు తమ యాసలో మాట్లాడుతుంటే ఈలలతో హాలు దద్దరిల్లింది. ఆట అయ్యాక ఒక చిన్నపాప మాస్టారి దగ్గరకొచ్చి, "తాతా, కత్తి నీటిలో పడిపోనాది గదా, సేపలకి శాపం తగల్దా?" అని అడిగింది.

"సేపలకి సేతుల్లేవు గదమ్మా, ఎలా పట్టుకుంతాయి?" అన్నారు. పాప సంతృప్తిగా తలూపి వెళ్లింది. మాస్టారు ఆనాడు నవ్వినంత నిండుగా నవ్వడం నేనెన్నడూ చూడలేదు. ఆ సంతృప్తితోనే, కొన్ని నెలలకు, నిద్రలోనే తనువు చాలించారు.

అంత్యక్రియలనాడు ఎర్రయ్య మావ ఏడవలేదు. "నాకు కోపమొచ్చినా నన్ను ఇడిసిపెట్టనేదు, తనకి కోపమొచ్చినా నన్ను ఇడిసిపెట్టనేదు. ఇంకేటి కావాలమ్మా మనిసికి?" అన్నాడు.

మా తీరాన చిత్రకారులు మరెందరో పుడతారు. మిత్రుడి మాటలో సత్యం కనబడగానే తన సృష్టిని తానే చెరిపి, సంతోషంగా మళ్లీ గీసే చిత్రకారుణ్ని మాత్రం మేము పోగొట్టుకున్నాం. ఆ స్థానం శూన్యమే. ఆయన దిద్దిన ఈ చేతులను జోడించి, ఆ పుణ్యమూర్తికి మొక్కుతున్నాను.