పొయ్యి గోడ గూట్లో నల్లమూట

మీ వంటింటికి టైల్స్ వేయించే ఆలోచన ఉంటే ముందు నా కథ వినండి. విన్నాక కూడా వేయించాలనిపిస్తే మీ ధైర్యానికి ఓ నమస్కారం. నేను వేయించింది పొయ్యి వెనక కాస్తంత గోడకే. దాంతోనే ఇంటిల్లిపాదినీ ఏడిపించి, ఊరంతటినీ నవ్వించి, చివరికి నా చదువు మీద నాకే అనుమానం వచ్చేలా చేసుకున్నాను.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది దాటింది. చిలకలూరిపేట అవతల పల్లెటూరు, మిరపా పత్తీ వేసే ఇల్లు. నేను ఊళ్లోనే ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని. మూఢనమ్మకాలు వదలండంటూ పిల్లల చేత వీధుల్లో ర్యాలీ తీయించిన ఘనత నాది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ ఇంట్లో నాకు నచ్చనిదల్లా పొయ్యి వెనక గోడే. ఏటా పిడుగురాళ్ల సున్నం వేస్తారు, నెల తిరక్కుండానే మళ్లీ నల్లబడుతుంది. కట్టెల పొయ్యి నాటి మసి, దానిమీద గ్యాసు పొయ్యి నాటి జిడ్డు, దానిమీద తాలింపు చిటపటలు. ఎండుమిరపకాయలు వేయించినప్పుడు ఆ గోడ కూడా మాతోపాటు దగ్గుతుందేమో అనిపించేది. స్నేహితురాళ్లంతా తళతళలాడే వంటిళ్ల ఫోటోలు వాట్సాప్‌లో పెడుతుంటే, నేను మా వరండా ఫోటో పెట్టి ఊరుకునేదాన్ని.

ఇంతలో చీరాలలో ఉన్న మా ఆడపడుచుకు ఒంట్లో బాగోలేదని అత్తయ్య అక్కడికి వెళ్లారు. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాను.

"ఏమండీ, అత్తయ్య వచ్చేలోపు వంటిల్లు మార్చేద్దాం. సర్‌ప్రైజ్!" అన్నాను మా ఆయనతో.

"అమ్మనడిగావా?"

"అడిగితే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటుంది?"

"సరే, నన్ను మాత్రం ఇరికించకు," అని ఆయన పొలానికి వెళ్లిపోయారు. మా ఆయనకు దూరదృష్టి ఎక్కువ.

మార్టూరు నుంచి గ్రానైటు పలక వచ్చింది. లేత ఆకుపచ్చ టైల్స్ వచ్చాయి. మస్తాన్ మేస్త్రి వచ్చాడు. మా ఊళ్లో సగం ఇళ్లకు గోడలు ఆయన కట్టినవే, మిగతా సగం ఇళ్లలో కూర్చుని కబుర్లు చెప్పినవాడూ ఆయనే. వచ్చీరాగానే పాత గట్టు పగలగొట్టి, పొయ్యిని కిటికీ వైపు జరిపి, గోడ గీకడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి ఆయన గొంతు మారింది.

"అమ్మా, ఒకసారి ఇటు రండి."

ఆ గోడలో ఒక గూడు ఉంది. అత్తయ్య అగ్గిపెట్టె, ఉప్పు జాడీ అందులోనే పెట్టుకునేవారు. వాటిని నేను ముందే తీసేశాను. వాటి వెనక, లోపలి మూలన, నల్లటి గుడ్డమూట ఒకటి కనిపించింది. ఎర్రదారంతో బిగించి కట్టి ఉంది. దారంలో ఎండిన వేపరెమ్మ దోపి ఉంది. మస్తాన్ పుల్లతో కదిపితే లోపల గరగరమంది. ఇద్దరం ఒక్క అడుగు వెనక్కి వేశాం.

"నల్లగుడ్డ, ఎర్రదారం, వేపాకు... దిష్టికి కట్టిందే అమ్మా ఇది."

"అవన్నీ ఉత్త మూఢనమ్మకాలండీ. తీసి అవతల పారేయండి."

"మీరు తీసివ్వండమ్మా, నేను పారేస్తా."

"కాదు, మీరు తీయండి, నేను పారేస్తాను."

"మావోళ్లు తాయెత్తంటారు, మీవోళ్లు దిష్టిమూటంటారు. భయం మాత్రం ఒకటేనమ్మా. తీసినోళ్లకే తగిలిద్దంట!"

సరిగ్గా అప్పుడే చీరాల నుంచి అత్తయ్య ఫోన్. నేరుగా అడిగేస్తే సర్‌ప్రైజ్ పాడవుతుంది. అందుకని చుట్టుతిప్పి అడిగాను.

"అత్తయ్యా, మన ఇంటిమీద ఎవరి దిష్టయినా ఉందంటారా?"

"ఎందుకు లేదూ! ఎదురింటావిడ కళ్లన్నీ మనమీదే. మొన్న ఎండాకాలం కల్లంలో మన మిరపకాయలు ఎండబోస్తే రెప్ప వెయ్యకుండా చూసింది. ఎందుకడిగావమ్మాయ్?"

"ఊరికేనండీ," అని ఫోన్ పెట్టేశాను. మూటకు ఇంకో అడుగు దూరం జరిగాను.

మస్తాన్ చాలాసేపు గడ్డం గోక్కుని ఉపాయం చెప్పాడు. "తీస్తే మనకి తగిలిద్ది. వదిలేస్తే ఇంటికి తగిలిద్ది. గూడు సరిగ్గా టైలంత ఉంది గదమ్మా, పైన టైలు కొట్టేస్తే? ఇంకెట్టా బయటికొచ్చిద్ది?"

"అవునండీ, లోపలికి గాలి కూడా ఆడదు," అని నేను నా సైన్సును దానికి జోడించాను. చెప్పేవి శ్రీరంగనీతులని ఊరికే అనలేదు పెద్దలు.

టైల్స్ అతికాయి. నిజంగానే గోడ అద్దంలా మెరిసింది. ఆనందం పట్టలేక వాట్సాప్‌లో ఫోటో పెట్టాను. ఇల్లలకగానే పండగ కాదంటారు. టైలు అతకగానే వంటిల్లు కూడా కాదని నాకింకా తెలియదు.

అత్తయ్య వచ్చారు. గుమ్మంలో నిలబడి తేరిపార చూశారు.

"బాగుందమ్మాయ్," అన్నారు. "మా కాలంలో ఎవరు చేసిపెట్టారూ ఇట్టాంటివి!"

నాకు ఏనుగెక్కినంత సంబరం. ఆ సంబరం ఆవిడ కాళ్లు కడుక్కుని వచ్చేదాకానే.

"నారు పోసే అదును దాటిపోతా ఉంది," అంటూ ఆవిడ గోడవైపు చెయ్యి చాచారు. చెయ్యి టైలుకు తగిలి ఆగిపోయింది.

"గూడేదమ్మాయ్?"

"మూసేశామండీ."

"అందులో మూట?"

"లోపలే ఉంది. మీరేం భయపడకండి, ఇంక బయటికి రాదు."

"బయటికి రాకపోతే ఎట్టాగే? అది నా మిరపవిత్తనం!"

ఆవిడ ఇంకా అరిస్తే బాగుండేది. అరవలేదు. నేలమీద చతికిలబడి, గోడవంక చూస్తూ చెప్పుకొచ్చారు. కాపురానికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ కొంగున కట్టి పంపిన విత్తనమట అది. పొలంలో కంపెనీ విత్తనాలు వచ్చినా, పెరట్లో మాత్రం ఏటా అదే వేసి, మంచి పండ్లు ఏరి, గింజ ఎండబెట్టి, బూడిద కలిపి మూటకట్టేవారు. పురుగు పట్టకుండా వేపరెమ్మ. చెమ్మ తగలకుండా పొయ్యి పక్కన గూడు. ఇక నలుపంటారా, అది పొగచూరిన పాత చీరముక్క.

"మా అమ్మ పోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు మిరప వేసేవాళ్లే లేరు. పండుమిరపతో కొరివికారం నూరినప్పుడు ఆ వాసనకి మా అమ్మ పక్కనే ఉన్నట్టుండేది," అన్నారు.

అప్పుడు వేసింది నాకు అసలైన భయం. ఏడాదిగా ఆ గోడను రోజూ చూస్తూ, దాన్ని ఎప్పుడు మారుద్దామా అనుకున్నానే తప్ప, అందులో ఆవిడ ఏం దాచుకున్నారో ఒక్కసారి కూడా అడగలేదు. చాలా సిగ్గేసింది.

మస్తాన్‌కు కబురు వెళ్లింది. ఏ టైలు వెనక గూడుందో ఆయనకూ గుర్తులేదు, నాకూ లేదు.

"పాత గోడ ఫోటో ఏమన్నా ఉందా?" అని మా ఆయన అడిగారు. ఆ మసిగోడకు సిగ్గేసి నేనెన్నడూ తీయలేదాయె!

"వేలితో కొడితే తెలిసిపోద్దమ్మా. గూడున్న చోట డొల్లగా మోగిద్ది," అని మస్తాన్ మొదటి టైలు మీద కొట్టాడు. డొల్లగా మోగింది. పక్కదీ మోగింది. దాని పక్కదీ మోగింది. గోడ మొత్తం మద్దెలలా మోగింది.

"ఏరా మస్తానూ, ఒక గూడు పూడ్చమంటే గోడంతా గూళ్లే పెట్టావా?" అన్నారు అత్తయ్య.

"సిమెంటు కాస్త పలచగా పడింది పెద్దమ్మా... లోపల గాలి ఆడాలని."

"ఆడకూడదని కదండీ మూశాం!" అన్నాను నేను.

అత్తయ్య లేచారు. పొయ్యి ముందు నిలబడి, కళ్లు మూసుకుని, అలవాటైన చోటికి చెయ్యి చాచారు. "ఇదే!" మస్తాన్ పగలగొట్టాడు. లోపల ఇటుక. పొయ్యి కిటికీ వైపు జరిగిందన్న సంగతి మా ఎవరికీ తట్టలేదు మరి. ఆవిడ ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూడలేక నేను తలెత్తి పైకి చూశాను. కప్పుకు నల్లగా పెద్ద మసి మచ్చ. పాత పొయ్యి పొగ చూరిన చోటు అది. కప్పుకు సున్నం వేయించడానికి నేను బద్ధకించాను. నా జన్మలో నాకు పనికొచ్చిన బద్ధకం అదొక్కటే.

"అత్తయ్యా, ఇటు, ఈ మచ్చ కింద నిలబడండి!"

నిలబడ్డారు. చెయ్యి చాచారు. ఈసారి టైలు పగిలితే వెనక చీకటి కనిపించింది. ఆ చీకట్లోకి నేనే చెయ్యి పెట్టి, మూట తీసి ఆవిడ చేతిలో పెట్టాను. విప్పి, బూడిద ఊది, గింజల్ని అరచేతిలో పోసుకుని చూశారు. ఒక్కటీ పాడవలేదు. కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వారు.

"దిష్టిమూటనుకున్నావా? నువ్వు సైన్సు టీచరమ్మవా?"

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్నాడు క్లాసులో పిల్లలు నన్ను చూసి నోళ్లు మూసుకుని మరీ నవ్వారు.

పగిలిన టైళ్లకు జోడు దొరకలేదు. ఒకచోట ద్రాక్షగుత్తి బొమ్మ టైలు వచ్చి చేరింది. గూడు మాత్రం అలాగే ఉండిపోయింది. చూసినవాళ్లు కొత్త డిజైనా అని అడుగుతారు, అవునంటాను. ఆ ఏడు నారు బాగా వచ్చింది. కాపు కాసి, పండ్లు ఎర్రబారాక కొరివికారం నూరడం అత్తయ్య నాకు నేర్పారు. అన్నంలో కలిపి మొదటి ముద్ద నాకే పెట్టారు. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకేనని అందరితో చెప్పాను.

కాబట్టి పొయ్యి సాక్షిగా, పోపులపెట్టె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మూటనూ విప్పి చూడకుండా భయపడను, మూఢనమ్మకానికి తలవంచను.

ఇప్పుడా గూట్లో రెండు మూటలున్నాయి. "ఇంత అందంగా చేయించావు, ఎదురింటావిడ కళ్లు పడకుండా ఉంటాయా?" అంటూ అత్తయ్య విత్తనం మూట పక్కన అసలైన దిష్టిమూట ఒకటి కట్టి పెట్టారు. దాన్ని మాత్రం నేను ఇంతవరకూ ముట్టుకోలేదు.