ఒక్క పానాతో బిగించిన ఆయిల్ కూలర్

మా ఆయన బతికున్నన్నాళ్ళూ రెండో పానా నేనే పట్టుకునేదాన్ని. స్పానర్ని మా షెడ్డులో పానా అంటారు. నట్టు బిగించాలంటే ఇటువైపు ఒక పానాతో తిప్పుతారు, అటువైపు ఇంకో పానాతో కదలకుండా పట్టుకుంటారు. తిప్పేది ఆయన, పట్టుకునేది నేను. నా చెయ్యి సన్నం. ఎంత ఇరుకు సందులోకైనా మోచేతి దాకా దూరిపోతుంది. మగాళ్ళ చేతులు ఆగిపోయిన చోట నీ చెయ్యి మొదలవుద్దే అని నవ్వేవాడు. ఇరవై రెండేళ్ళు అట్లా పట్టుకున్నాను. చదువు నాకు రాదు. సంతకం వచ్చు, అంకెలు వచ్చు. పానా మీద అంకె చూసి అందించడానికి అది చాలింది.

ఆయన పోయి రెండేళ్ళు. లారీ కింద పడుకుని పనిచేస్తూ గుండె పట్టుకున్నాడు, మళ్ళీ లేవలేదు. షెడ్డు నా మరిది చేతికి వచ్చింది. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద ఉంటుంది అది. లోపల వెనక గోడకి ఆనించి కట్టిన గదిలో నేనుంటాను. గదికి ఒకటే తలుపు, అది షెడ్డులోకే తెరుచుకుంటుంది. మిగతా మూడు వైపులా గోడలు. పైన అరచెయ్యంత కన్నం, గాలికి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పెద్ద పని చేసిన బండి షెడ్డు దాటేటప్పుడు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి పంపిస్తారు. ఆ వేళకి నాలాంటిది ఎదురు రాకూడదు. ఒకసారి ట్రాక్టరు బయటికి పోతుంటే చూసుకోకుండా నీళ్ళ బిందెతో అడ్డం వచ్చాను. అది ఊరు దాటకముందే గేరు బాక్సు పోయింది. లోపల పళ్ళు అరిగిపోయాయని మరిదికి తెలుసు. మారుద్దామంటే రైతు వద్దన్నాడనీ తెలుసు. అయినా చెడ్డపేరు నాకే వచ్చింది. అప్పటినుంచి పూజకి ముందు నా తోడికోడలు, అంటే మరిది భార్య, వచ్చి "అక్కా, తలుపేసుకో" అనేది. లోపలినుంచి గడియ నేనే పెట్టుకునేదాన్ని.

ఈ వేసవిలో మరిది మాచవరంలో ఉన్న మా అన్నకి ఫోన్ చేసి, ఆదివారం వచ్చి నన్ను తీసుకుపొమ్మని చెప్పాడు. నన్ను అడగలేదు. చెప్పడం అయ్యాక చెప్పాడు.

"అక్కడైతే నీకూ కాలక్షేపం అవుద్ది వదినా" అన్నాడు.

మా అన్నది రెండు గదుల ఇల్లు. "అయితే వచ్చే ఏడు మిరపకోతకి మనిషిని వెతుక్కునే పన్లేదు" అన్నది మా అన్న భార్య ఫోన్లోనే, నవ్వుతూ. నేను కూలికి భయపడే మనిషిని కాదు. కానీ నా చేతికి బాగా వచ్చిన పని ఒక్కటే, అది ఈ షెడ్డులో ఉంది. ఈ గది పోతే అదీ పోతుంది. బట్టల సంచీ సర్దుకుని మూల పెట్టుకున్నాను.

ఆ వారమే పత్తి జిన్నింగ్ మిల్లు వాళ్ళబ్బాయి తన కారు తెచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి. చూడటానికి మామూలు చిన్న కారే. ఇంజనుకి జోరు పెంచే టర్బో వేయించాడు, వెనక సీట్లు పీకేయించాడు. మద్రాసు దగ్గర ఎక్కడో కార్లు పరిగెత్తించే ట్రాక్ ఉందట, అక్కడికి తీసుకుపోతాడట. గట్టిగా తోలితే ఆయిల్ మరిగిపోతోందని విడిగా ఆయిల్ కూలర్ తెప్పించుకున్నాడు. అది చిన్న రేడియేటర్‌లాగే ఉంటుంది, దువ్వెన పళ్ళంత సన్నటి రేకులతో. రేడియేటర్ ముందు, బంపర్ వెనక, గాలి తగిలేలా దాన్ని బిగిస్తారు. ఆయిల్ ఫిల్టర్ దగ్గరనుంచి దానికి రెండు పైపులు. వేడి ఆయిల్ ఒకదాంట్లో వస్తుంది, చల్లబడి రెండోదాంట్లో పోతుంది.

పైపులు తగిలించే మూతులు రెండూ అల్యూమినియం. మెత్తటి లోహం. మూతిని ఒక పానాతో పట్టుకుని, పైపు నట్టుని ఇంకో పానాతో తిప్పాలి. పట్టుకోకుండా తిప్పితే నట్టుతోపాటు మూతి కూడా మెలితిరుగుతుంది. కంటికి కనపడని పగులు వస్తుంది. లారీలకి ఇట్లాంటివి మా ఆయనా నేనూ ఎన్ని విప్పి బిగించామో.

బుధవారం మరిది బంపర్ దగ్గర కూర్చుని పని మొదలుపెట్టాడు. బ్రాకెట్లు బాగా కట్టాడు, అదురు తగలకుండా రబ్బరు బుష్‌లు వేశాడు. అక్కడిదాకా నేను వంక పెట్టను. పైపుల దగ్గరికి వచ్చేసరికి సందులో అతని రెండో చెయ్యి పట్టలేదు.

"నేను పట్టుకుంటానయ్యా" అన్నాను.

"నువ్వు రామాక వదినా. మిల్లోళ్ళ బండి. నువ్వు చెయ్యేశావని తెలిస్తే, రేపు ఏదన్నా అయితే నేను షెడ్డు మూసుకోవాల."

"ఎవురు చెప్తారు వాళ్ళకి?"

"ఊరు చెప్పుద్ది. పో, టీ పెట్టు."

గదిలోకి పోయి స్టవ్ మీద నీళ్ళు పెట్టాను. చెవి మాత్రం అక్కడే ఉంది. రెండు పానాలు పనిచేస్తే ఆ చప్పుడు వేరు, ఒకటి అంటే ఇంకొకటి ఊకొడుతుంది. నాకు ఒక్కటే వినపడింది. ఆఖర్న పంటి కింద ఇసక పడ్డట్టు చిన్న కిర్రు.

టీ గ్లాసు ఇస్తూ అడిగాను. "ఒక్క పానాతో తిప్పావా?"

"బట్టలు సర్దుకున్నావా? ఆదివారం పెందలాడే వస్తాడంట మీ అన్న" అన్నాడు. అదీ జవాబు.

గురువారం పొద్దున మిల్లు అబ్బాయి వచ్చాడు. ఆయిల్ పోశారు. కారు ముక్కు రోడ్డు వైపు ఉంది. తోడికోడలు పళ్ళెంలో పసుపూ కుంకుమా పెట్టుకుని, పోతూ పోతూ నా తలుపు తట్టింది. తలుపేసుకుని గడియ పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. పైన రేకులు అప్పటికే కాగుతున్నాయి. కొబ్బరికాయ పగిలింది. ఇంజను స్టార్టయ్యింది.

ఊరుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ పగులు రోడ్డు మీద నోరు తెరుస్తుంది. మరుగుతున్న ఆయిల్ గాలికి వెనక్కి కొట్టి, నిప్పులా కాలే టర్బో మీద పడుతుంది. లోపల తోలేవాడు బెల్టులతో కట్టేసుకుని ఉంటాడు. బయటికి పోతే ఏమవుతుందో అదీ తెలుసు. కావాలని ఎదురొచ్చింది అంటారు, ఆదివారం దాకా కూడా ఆగరు. అసలు పగులే లేకపోతే? నేను విన్నది ఒక కిర్రు. కంటితో చూసింది ఏమీ లేదు. చెయ్యి గడియ మీద పెట్టాను, తీశాను. గాటికి కట్టిన గొడ్డు తాడు పొడవునే తిరిగినట్టు నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు తిరిగాను.

గేరు పడిన చప్పుడు వినపడగానే గడియ లాగేశాను. కారు పక్కనుంచి పోయి దాని ముందు నిలబడ్డాను. చక్రాల కింద నిమ్మకాయలు ఇంకా నలగలేదు.

"అయ్యయ్యో అక్కా! ఏంది నువ్వు చేసే పని!" తోడికోడలు పళ్ళెంతో సహా వెనక్కి జరిగింది.

"ఆపు బాబూ" అన్నాను.

మరిది నా రెక్క పట్టుకున్నాడు. "నాలుగు రోజులు ఆగలేకపోయావా? పో లోపలికి!"

"కూలర్ మూతి ఒక్క పానాతో బిగించాడు బాబూ. పగిలుంటది."

మిల్లు అబ్బాయి కిటికీలోంచి తల బయటపెట్టి మరిదిని చూశాడు. "నిజమేనా అన్నా?"

"రెండూ పెట్టే బిగించానయ్యా. ఈమె గదిలో ఉంది, ఈమెకేం తెలుసు?"

"విన్నాను" అన్నాను.

"విన్నదంట! పానా చప్పుడు విని రోగం చెప్పుద్దంట, డాక్టరమ్మ!"

మిల్లు అబ్బాయి దిగి, వంగి, ఫోన్ లైటు వేసి చూశాడు. మూతి చుట్టూ వేలితో తుడిచి ఆ వేలు నాకు చూపించాడు. పొడిగా ఉంది. తోడికోడలు ముఖం పక్కకి తిప్పుకుంది. అయినా అంతదాకా వచ్చాక వెనక్కి పోవడం ఎక్కడికి?

"చల్లటి ఇంజను మీద కారదు బాబూ. ఇంజను బాగా కాగనిచ్చి, ఎక్సలేటర్ తొక్కి పట్టుకో" అన్నాను. గదిలోంచి పాత పేపరు తెచ్చి బంపర్ కింద పరిచాను.

తొక్కాడు. షెడ్డు రేకులన్నీ అదిరాయి. ఎంతసేపో నాకు తెలియదు. పేపరు ఎట్లా పరిచింది అట్లానే ఉంది. మరిది చేతులు కట్టుకుని నిలబడి "తీరిందా నీ సరదా?" అని ఆ మోతలోనే అరిచాడు. అప్పుడు పడింది ఒక చుక్క. తేనె రంగులో. కొత్త ఆయిల్ ఆ రంగులోనే ఉంటుంది. ఇంకొకటి పడింది. తర్వాత ధారే.

ఇంజను ఆపేశాడు. మిల్లు అబ్బాయి దిగొచ్చి ఆ పేపరు వంక చూశాడు.

"అన్నా, ఇది రోడ్డు మీద తెగితే నేనెక్కడుండేవాణ్ణి?" అన్నాడు మెల్లగా. మరిది తల దించుకుని పానాలు ఏరుకున్నాడు.

నాకు సంతోషం రాలేదు. ఆయన తమ్ముడి తప్పు పరాయి మనిషి ముందు పెట్టాను. ఆయనే ఉంటే అట్లా పెట్టేవాడు కాదు, రాత్రికి రాత్రి తనే విప్పి సరిచేసేవాడు. నాకు ఆ వీలు ఎవరిచ్చారు? ఆ రోజూ మర్నాడూ మరిది నాతో మాట్లాడలేదు. ఆదివారం సంగతి ఏమైందని అడగడానికి నాకు నోరు రాలేదు. సంచీ మూలనే ఉంది.

శనివారం కొత్త కూలర్ పార్శిల్లో వచ్చింది. మరిది పాతది విప్పి, కొత్తదాన్ని బ్రాకెట్ల మధ్య కూర్చోబెట్టాడు. పైపు చేతిలోకి తీసుకుని ఆగాడు. నేను గడపలో బియ్యం ఏరుకుంటున్నాను.

"వదినా, ఇటు రా" అన్నాడు, నా వైపు చూడకుండానే.

నేల మీద కూర్చుని, చెంప హెడ్‌లైటుకి ఆనించి, సందులోకి చెయ్యి పోనిచ్చాను. రేకుల అంచులు చర్మం గీరుకుపోయాయి. మూతికి పానా తగిలించి బిగబట్టాను. అతను తిప్పాడు. తిప్పేవాడి కోపం కూడా పానాలోంచి పట్టుకున్న చేతికి తెలుస్తుంది.

"చాలయ్యా. మూతి మొరాయిస్తోంది."

ఆగాడు. రెండోది మెల్లగా తిప్పాడు.

సాయంత్రం మిల్లు అబ్బాయి వచ్చాడు, తోలి చూడాలన్నారు. పక్కన ఒకరు కూర్చుని ఆయిల్ వేడి చూపించే మీటరు చదవాలి, తోలేవాడు రోడ్డు మీదనుంచి కన్ను తియ్యకూడదు. మరిది ఎక్కబోయాడు. అది పందెం కార్ల సీటు, నడుముని రెండు వైపులా కరుచుకుంటుంది. సగం దాకా దిగి ఇరుక్కుపోయాడు.

"అన్నా, ఆ సీటు నీ పొట్టకి చాలదు, దిగు" అన్నాడు మిల్లు అబ్బాయి. "పిన్నీ, నీకు అంకెలొచ్చా?"

"వచ్చు."

"అయితే ఎక్కు."

తోడికోడలు నిమ్మకాయలు పట్టుకుని ఎటూ తోచక నిలబడింది. "బండి పోయేటప్పుడు అక్క..." అని నసిగింది.

"ఎదురు రాగూడదు, అంతేగా? లోపల కూర్చుంటే ఎదురెట్టా అవుద్ది?" అన్నాడు మిల్లు అబ్బాయి. నవ్వాలో వద్దో తెలియక ఆమె నిమ్మకాయలు చక్రాల కింద పెట్టేసింది.

భుజాల మీదనుంచి రెండు, నడుముకి అటొకటి ఇటొకటి, నాలుగు బెల్టులూ పొట్ట మీద ఒకచోట కలిపి బిగించాడు. ఊపిరి తీసుకోవడానికి మాత్రం చోటు మిగిలింది. సత్తెనపల్లి రోడ్డెక్కాక తొక్కాడు. నా వీపు సీటుకి అంటుకుపోయింది.

"ఎంత పిన్నీ?"

"తొంభై ఎనిమిది."

"ఇప్పుడు?"

"నూట ఆరు."

"నూట ముప్పై దాటితే అరిచి చెప్పు."

"ఇప్పుడే అరుస్తా. ముందు నువ్వు ఆ లారీని చూసుకో."

అతను నవ్వాడు. ముల్లు నూట పది దగ్గర ఆగింది, ఎంత తొక్కినా అక్కడే ఉంది. నేను అంకె చెబుతూనే ఉన్నాను గానీ, రేపు మా అన్న ఏ బస్సుకి దిగుతాడో అన్నదే నా మనసులో తిరుగుతోంది.

షెడ్డు ముందు ఆపాడు. ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ రోడ్డు దాకా పోయాడు. నా బెల్టు విప్పలేదు. ఎక్కడ నొక్కాలో నాకు తెలియదు. మరిది ముందు బంపర్ దగ్గర వంగి, వేలితో తుడిచి, ఆ వేలు ఎండకి పెట్టి చూసుకున్నాడు. పొడిగానే ఉంది. అప్పుడు నా కిటికీ దగ్గరికి వచ్చి, చెయ్యి లోపలికి పెట్టి బెల్టు లాగాడు. రాలేదు.

"మీ అన్నకి ఫోన్ చేశా. రావొద్దన్నా" అన్నాడు, బెల్టు వంకే చూస్తూ. "సోమారం రెండు లారీలొస్తన్నయ్. నా ఒక్కడి వల్ల కాదు."

"రమ్మన్నప్పుడు నన్ను అడగలేదు. రావొద్దన్నప్పుడూ అడగలేదు" అన్నాను.

అతను నొక్కాడు, తిప్పాడు, మళ్ళీ లాగాడు. ఊడలేదు. అతని చేతులకి చెమట పట్టింది.

"అయితే ఇప్పుడడుగుతున్నా. ఉంటావా, పోతావా?"

పోవడానికి నాకున్నది ఆ రెండు గదుల ఇల్లు. ఉండటానికి ఉన్నది ఒక్క తలుపున్న గది. అడిగినట్టే ఉంది గానీ, అడగడం అంటే అదేనా అని అతని ముఖంలోకి చూశాను. అతను నా ముఖంలోకి చూడలేదు.

"ముందు ఇది ఊడదియ్యి" అన్నాను.