లింగప్ప అందుకోని తాంబూలం

పంతొమ్మిదివందల ఎనభై నాలుగు వేసవికి ముందు మా లింగప్పకు మద్రాసులో, సర్కారు కళల శాఖలో ఉద్యోగం వచ్చింది. తమిళనాడు ధర్మపురిలో మా కూత్తు, అంటే వీధినాటకం, ఆడే కళాకారుల సంఘం వాళ్లమంతా మిఠాయి తిన్నాం. నక్కను తొక్కి వచ్చాడన్నాం. మర్నాటికే ఆ తీపి చేదయింది. సర్కారు కొలువులో చేరినవాడు మా సంఘానికి అధ్యక్షుడిగా ఉండకూడదట. ఇక మా గతేమిటని అందరి గుండెల్లో రాయి పడింది.

లింగప్ప మేకలు కాసుకునే ఇంట్లో పుట్టాడు. ఇంట్లో తెలుగు, ఆటలో తమిళం. మూతి మీద మీసం రాకముందే అభిమన్యుడి వేషం కట్టాడు, వచ్చాక దుర్యోధనుడయ్యాడు. ఒకే ఊరి ఆట కోసం రెండు మేళాలు తలలు పగలగొట్టుకునే రోజుల్లో అందరినీ కూర్చోబెట్టి సంఘం పెట్టించాడు. ఆ పుణ్యాన మా ఇళ్లలో పొయ్యిలు వెలిగాయి.

మంచివాడే. కానీ ఒక జబ్బుంది, చెప్పకుండా ఉండలేను. అంతా తన చేతిమీదుగానే జరగాలి. మా దగ్గర ఆటకు పిలిచే ఊరు తాంబూలం ఇస్తుంది. అందుకున్న చేతిదే పూచీ. ఆ చేయి ఆట ముగిసేదాకా రంగంలో ఉండాలి, జ్వరమొస్తే మంచం మీదైనా మోసుకురావాలి. ఆ ఆకులే మాకు తలా ఒకటి పంచుతారు. నమిలినవాడు ఆటకు రాకపోతే మనిషే కాదు. ఇన్నేళ్లూ ప్రతి ఊరి తాంబూలమూ లింగప్పే అందుకున్నాడు. ఊళ్లు నమ్మింది సంఘాన్ని కాదు, ఆ చేతిని. ఆ సంగతి ఆయన వెళ్లిపోయే వేళకు గానీ ఎవరికీ తట్టలేదు.

కొత్త అధ్యక్షురాలిగా సాకమ్మ పేరు లింగప్పే చెప్పాడు. మద్దెల వాయించే భర్త పోయాక వేషాల పెట్టెలూ, మావాళ్ల తగవులూ ఆమే చూసుకునేది. పేరు చెప్పాక ఆయనకు కంటిమీద కునుకు లేదు. భర్త పోయిన ఆడదాని చేతిలో ఏ ఊరు తాంబూలం పెడుతుంది? వేసవి ఆటలకు మొదటి తాంబూలం కడత్తూరుది. అక్కడ తప్పితే మిగతా ఊళ్లూ తప్పుతాయి, మాకు ఏడాది తిండి తప్పుతుంది. పోనీ తానే అందుకుంటే, ఆటనాటికి మద్రాసులో ఉంటాడు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయాడు.

లింగప్ప, సాకమ్మ, హార్మోనియం వాయించే నేను కడత్తూరు బస్సెక్కాం. సాగనంపడానికి వచ్చిన మావాడొకడు "పెండ్లికి పోతా పిల్లిని సంకన పెట్టుకొని పోయినట్లుంది" అని గొణిగాడు. నా నోరు మంచిది కాదు, వాణ్ణి కడిగేశాను. సాకమ్మ విననట్టే కూర్చుంది. కొంగు మాత్రం దారి పొడవునా వేలికి చుట్టుకుంటూనే ఉంది.

గుడి ముందు ఊరిపెద్ద కన్నప్పన్ పళ్లెంతో నేరుగా లింగప్ప దగ్గరికి వచ్చాడు. లింగప్ప చేతులు అలవాటుగా లేచాయి. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో ఆయన వాటిని వెనక్కి లాక్కుని, ఇకమీదట సంఘానికి సాకమ్మే పెద్ద అని తమిళంలో చెప్పాడు. దుర్యోధనుడి గొంతు వణకడం నేను అప్పుడే విన్నాను.

కన్నప్పన్ ఆమె బోసి నుదురు చూశాడు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. పళ్లెం ఆమె చేతిలో పెట్టలేక, వెనక్కి తీసుకుపోనూ లేక, మెట్టు మీద పెట్టి పక్కకు జరిగాడు. లింగప్ప వంగితే సరిపోయేది. వంగలేదు.

"ఎత్తుకునేదా అన్నా?" అంది సాకమ్మ.

"నన్ను అడగొద్దు మా. పెద్ద నువ్వు."

ఆమె కన్నప్పన్ వైపు తిరిగింది. తాను ఎత్తుకుంటే ఆట ముగిసేదాకా రంగం పక్కన నిలబడతాననీ, వద్దనేవాళ్లు ఇప్పుడే చెప్పమనీ తమిళంలో అంది. గుంపునంతా ఒకసారి కలయజూసింది. పళ్లెం ఎత్తుకుంది. కన్నప్పన్ మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. మద్దెలవాళ్లు ఎప్పుడొస్తారని అడిగాడు. ఆమెనే అడిగాడు.

తిరుగు బస్సులో సాకమ్మ నాకొక ఆకు ఇచ్చింది. పక్కనే ఉన్న లింగప్ప ఎప్పటిలాగే చేయి చాపాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇది నమిలితే ఆటకు రావల్ల గదన్నా."

లింగప్ప చాపిన చేయి మెల్లగా వెనక్కి తీసుకుని, కిటికీ ఊచ పట్టుకున్నాడు.