ఏడో లెక్క దగ్గర ఆగిన పిల్ల

ఆ పెట్టెను చూసుకుని నేను పొంగిపోయిన మాట నిజం. అరవైల మొదటి సంవత్సరాలవి. భువనగిరిలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఎనిమిదో తరగతి అయిపోగానే పిల్లలను సైన్సుకో, వ్యవసాయానికో, చేతిపనులకో విడదీసే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. ఎవరు దేనికి పనికొస్తారో తేల్చాలని నన్ను హైదరాబాదు పిలిపించి, మూడు వారాలు శిక్షణ ఇచ్చి, చేతిలో ఒక పెట్టె పెట్టి పంపారు. అందులో మానసిక సామర్థ్య పరీక్షలు, ఒక స్టాప్‌వాచి, రంధ్రాలున్న చెక్క, ఆ రంధ్రాల్లో గుచ్చే సన్నటి పుల్లలు. పిల్లల భవిష్యత్తంతా నా చంకలో ఉన్నట్టు బస్సు దిగాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు తిట్టుకోవాలనిపిస్తుంది.

తెలుగు ప్రశ్నపత్రం ఒక్క ప్రతే ఇచ్చారు. దాన్ని చూసి స్టెన్సిల్ మీద నా చేత్తోనే రాసి, సైక్లోస్టైల్ తీయించాను.

పరీక్షనాడు నలభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టాను. ఊరి పక్క కోట ఉన్న పెద్ద బండ ఎండకు కాగిపోయి కిటికీల్లోంచి సెగ కొడుతోంది. మూడో వరసలో నేతపని చేసేవాళ్ల పిల్ల ఒకతి కూర్చుంది. ఆరో తరగతి నుంచి నా దగ్గరే లెక్కలు నేర్చుకుంది. నోటిలెక్కల్లో ఒక్కోసారి నన్నే ఇరుకున పెట్టేది. పుల్లల చెక్క ముందు పెడితే, నేను వాచీ నొక్కి తలెత్తేలోగా సగం గుచ్చేసింది.

తర్వాత అంకెల వరసల పరీక్ష. ముప్పై ప్రశ్నలు, పదిహేను నిమిషాలు. “రానిది విడిచిపెట్టి ముందుకు పోండి” అని రెండుసార్లు చెప్పాను. మాది దేవరకొండ వైపు మెట్ట సేద్యం. చేన్లో బండ అడ్డమొస్తే చుట్టూ తిరిగి దున్నుకుంటూ పోతాం, బండతో కొట్లాట పెట్టుకోం. అందుకని ఆ మాటను ఎవరికైనా విడమరచి చెప్పాలని నాకు తోచనే లేదు.

ఆ పిల్ల ఆరు ప్రశ్నలు చేసి ఏడో దాని దగ్గర ఆగింది. పక్కనుంచి పోతూ చూశాను. పెన్సిలు కదులుతోంది కాని ప్రశ్న దాటడం లేదు. మళ్లీ తిరిగొచ్చేసరికీ అక్కడే ఉంది. పరీక్ష పెట్టేవాడు మాట్లాడకూడదని శిక్షణలో చెప్పారు. నోరు మూసుకున్నాను. పదిహేను నిమిషాలు అయిపోయాయి.

ముప్పైకి ఆరు. ‘చేతి నేర్పు మిక్కిలి ఎక్కువ. తర్కశక్తి తక్కువ. చేతిపనుల విభాగం తగినది’ అని రాసింది నేనే. నోటిలెక్కల్లో నన్నే ఇరుకున పెట్టిన పిల్ల అని రాస్తున్నప్పుడూ గుర్తుంది. అయినా సంతకం పెట్టాను.

శుక్రవారం పొద్దున ఆమె తండ్రి బడికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సారూ, బిడ్డ టీసీ రాసియ్యిన్రి.”

“ఎందుకు?”

“చేతిపనికే పనికొస్తదని మీరే రాస్తిరి గద. చేతిపని మా ఇంట్ల లేదా? మగ్గమున్నది, నేనున్న. గది నేర్సుకునేటందుకు బడికెందుకు?”

ఆయన మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ గొంతు పెంచేవాణ్ణి.

“సైన్సు వస్తే ఎంత కష్టమైనా సదివిపిద్దామనుకున్న” అన్నాడు. “సర్కారోళ్లు పరీక్ష పెట్టి సూసిన్రు. ఇంక నేనేమంట?”

సోమవారం విభాగాల పట్టిక మూసేస్తారు. టీసీ కూడా సోమవారమే ఇస్తానని చెప్పి పంపాను. ఆ పిల్ల చదువుకు రెండు రోజుల గడువు మిగిలింది.

శనివారం ఒంటిపూట బడి. గంట కొట్టగానే ఆమె జవాబు కాగితం కట్టలోంచి లాగి, జేబులో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఏం మాట్లాడాలో నాకే తెలియదు. తండ్రి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, “జర కూసోన్రి సారూ” అన్నాడే తప్ప లేవలేదు. పిల్ల కూడా ఇటు తిరగలేదు. పడుగు మీదికి వంగి దారాల్లో దేన్నో వెతుకుతోంది. సారు ఇంటికొస్తే ఊళ్లో ఎవరైనా లేచి నిలబడే రోజులవి. నాకు మండింది.

“ఏమైంది?” అన్నాను.

“పోగు తెగింది సారూ.”

“ఒక్క పోగే కదా. తర్వాత చూసుకోరాదా?”

ఆయన నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. “ఒక్కటే సారూ. గట్లనే విడిచిపెట్టి నేస్తే కడదాక గీత వడ్తది. గా చీరె ఎవలు గొంటరు?”

పిల్లకు కొస దొరికింది. రెండు కొసలూ కలిపి వేళ్లతో మెలిపెట్టి ముడివేసి, లాగి చూసింది. ఆ తర్వాతే అడ్డపోగు నడిపే నాడె కదిలింది. ఆ తర్వాతే ఇద్దరూ నాకు నమస్కారం పెట్టారు.

ఏడో ప్రశ్న దగ్గర ఆగిన పెన్సిలు గుర్తొచ్చింది. “ఆ ఏడో లెక్క ఎందుకు విడిచిపెట్టలేదు బిడ్డా? విడిచిపెట్టమని చెప్పాను కదా” అన్నాను.

“చెప్పిన్రు సార్. నా చెయ్యి ముందలికి పోలే.”

“అంత కష్టమా అది?”

“నాలుగు, ఏడు, పదకొండు, పందొమ్మిది, ఇరవై రెండు” అని అప్పచెప్పింది. “ముందుగాల మూడు పెరిగింది, తర్వాత నాలుగు. ఆ తర్వాత ఎనిమిది పెరిగి, మల్ల మూడే పెరిగింది. ఇంటికొచ్చినంక గూడ చేసిన. ఇప్పటికీ కలుస్తలేదు.”

జేబులోంచి కాగితం తీశాను. అంచు నిండా ఆ లెక్కే. ఎన్ని రకాలుగా చేయవచ్చో అన్ని రకాలుగా చేసి, కొట్టేసి, మళ్లీ చేసింది. మార్కులు వేసేటప్పుడు నేను జవాబుల గళ్లు తప్ప అంచులు చూడలేదు. అక్కడినుంచి బడికి దాదాపు పరుగెత్తాను. పెట్టె తీసి అసలు ప్రతి చూస్తే నాలుగో అంకె పదహారు. స్టెన్సిల్ మీద దాన్ని పందొమ్మిది చేసింది నా చెయ్యి. ముప్పై తొమ్మిది మంది ఏదో ఒకటి రాసి దాటిపోయారు. తప్పు ఉందని పట్టుకున్నది ఆమె ఒక్కతే. ఆమెకే తర్కశక్తి తక్కువని రాశాను.

ఆదివారం పొద్దున్నే హెడ్మాస్టరు గారింటికి వెళ్లాను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

“అందరికీ ఇదే కాగితమిచ్చినవ్. ఎవరికీ అడ్డం రాలే. ఈ పిల్లకే ఎందుకు అడ్డమొచ్చిందయ్యా?”

“ఆమెకే కనిపించింది సార్.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “రిపోర్టు జిల్లా ఆఫీసుకు పోయింది. తప్పు నాదేనని నువ్వు రాసిస్తెనే మార్చొచ్చు. నీ నౌకరి ఇంకా పక్కా కాలే. జర సోంచాయించుకో.”

గొప్పగా రాసిచ్చానని చెప్పను. వాళ్ల అరుగు మీద అరగంట కూర్చున్నాను. తప్పును సైక్లోస్టైల్ యంత్రం మీదికి నెట్టేద్దామా అనుకున్నాను. నెట్టవచ్చు, కాని దానిమీద విచారణ అంటారు, ఆ లోపల సోమవారం దాటిపోతుంది. నౌకరి పోతే మళ్లీ ఆముదపు చేను దున్నుకోవాలి. అది తలుచుకుని ఒకసారి కలం మూత పెట్టేశాను కూడా. చివరికి నాలుగు వాక్యాలు రాసి ఇచ్చి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

సోమవారం హెడ్మాస్టరు గారి గదిలో మళ్లీ పరీక్ష. కొత్త కాగితం ఆయనే దగ్గరుండి సరిచూశారు. వాచీ కూడా ఆయనే పట్టుకున్నారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. తండ్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఏడో ప్రశ్న దగ్గర ఆ పిల్ల పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. జవాబు రాసి ముందుకు పోయింది. ముప్పయ్యీ చేసి, ఇంకా మూడు నిమిషాలుండగా కాగితం బోర్లించింది.

హెడ్మాస్టరు గారు దిద్ది, సైన్సు పట్టిక ముందుకు జరిపి, “రాయిద్దామా?” అని తండ్రిని అడిగారు.

ఆయన నావైపు తిరిగాడు. “మొన్న పనికిరాదన్న కాగితం, ఇయ్యాల పనికొస్తదంటాంది. దేన్ని నమ్మాలె సారూ?”

నేను నోరు తెరిచేలోగానే కూతురి వైపు తిరిగాడు. “నువ్వేమంటవు బిడ్డా?”

అన్ని పరీక్షలు పెట్టాను కాని ఆ ఒక్క మాట నేను ఆమెను అడగలేదు.

“సైన్సు సదువుత బాపూ” అంది. తర్వాత బల్ల అంచు చూస్తూ, “గీ సారు సెక్షన్ల మాత్రం వద్దు” అంది.

తండ్రి బెదిరిపోయాడు. “గదేం మాట? సారే గద తిరిగి తిరిగి మల్ల పరీక్ష పెట్టిపిచ్చిండు.”

“గా కాగితానికి నేనెవరో తెల్వదు బాపూ. సారుకు తెల్సు గద, అయినా గట్ల రాసిండు” అంది.

హెడ్మాస్టరు గారు పట్టికను నావైపు జరిపారు. సైన్సులో నాది ‘ఎ’ సెక్షన్. ఆమె పేరు రాసి, పక్కన బి సెక్షన్ అని రాశాను.